కోయకుండా పెంచడం: మా పెరటి ఆస్పరాగస్ మడి డైరీ

2024 ఫిబ్రవరి 18

న్యూజెర్సీలోని మిడిల్‌సెక్స్ కౌంటీలో మా పెరటి సాగు పదకొండేళ్లుగా ఒకే తీరున నడుస్తోంది. మే నెలలో గోంగూర, బీర, సొర, వంగ, మిరప నాటడం, అక్టోబరు చివర మంచు పడగానే అన్నిటినీ పీకి కంపోస్టు కుప్పలో వేయడం మాకు అలవాటు. ఒకసారి నాటితే పదిహేను ఇరవై ఏళ్లు అదే చోట ఉండి, మొదటి ఏడాది తినడానికి ఒక్క కాడ కూడా ఇవ్వని మొక్కను పెంచడం నాకు కొత్త. అందుకే ఈసారి ప్రతి పనినీ తేదీతో సహా రాసిపెట్టాలని నిర్ణయించుకున్నాను.

నేల నుంచి లేచే లేత పిలకలను కోసి తినే ఈ కూర మొక్క పేరు ఆస్పరాగస్. దీన్ని రెండు విధాలుగా మొదలుపెట్టవచ్చు. ఏడాది వయసున్న వేళ్ల గుత్తిని నర్సరీ నుంచి తెప్పించుకుని నేరుగా నేలలో నాటడం మొదటి పద్ధతి; దీన్నే ఇక్కడ క్రౌన్ అంటారు. గింజలు మొలకెత్తించి నారు పెంచడం రెండోది, దీనికి మరో ఏడాది ఓపిక కావాలి. రెండూ చేసి చూద్దామని జెర్సీ నైట్ రకం క్రౌన్లు పన్నెండు ఏప్రిల్‌కు అందేలా ఆర్డరు పెట్టి, మేరీ వాషింగ్టన్ గింజలు ఒక పొట్లం కొన్నాను. తుప్పు తెగులును తట్టుకునే రకం కోసం అమెరికా వ్యవసాయ శాఖ 20వ శతాబ్దం తొలినాళ్లలో రూపొందించిన పాత రకం ఇది.

గింజలు నల్లగా, మిరియాల కంటే కాస్త చిన్నవిగా, గట్టి పెంకుతో ఉన్నాయి. ఇరవై నాలుగు గింజలను ఒక పగలు, ఒక రాత్రి గోరువెచ్చని నీటిలో నానబెట్టి, ఈ రోజు అర అంగుళం లోతున లోతైన కప్పుల్లో వేశాను. చదునైన ట్రేలు వద్దనుకున్నాను, ఎందుకంటే ఈ మొక్క వేళ్లు మొదటి నెల నుంచే లావెక్కి కిందికి దిగుతాయి. కప్పుల కింద వేడిమి చాప పరిచి 77 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంచాను. చల్లటి మట్టిలో ఈ గింజ మొలకెత్తడానికి నెలన్నర దాకా పట్టవచ్చు.

2024 మార్చి 9

సరిగ్గా ఇరవై రోజులకు ఇరవై నాలుగింటిలో పదిహేడు మొలిచాయి. మొదటి వారం ఏమీ కనిపించకపోయేసరికి మా ఆవిడ ఆ కప్పుల్లో కొత్తిమీర వేసుకుంటానని రెండుసార్లు అడిగింది.

మొలక చూడటానికి మొక్కలా ఉండదు. కుట్టుదారమంత సన్నటి ఆకుపచ్చ పోగు ఒకటి వంగి లేచి, రెండు అంగుళాలు ఎదిగాక పక్కలకు సోంపు ఆకు లాంటి నూగు విచ్చుకుంటుంది. భూతద్దం పెట్టి చూస్తే ఆ పోగు మీద అక్కడక్కడ గోధుమరంగు పొలుసులు అతుక్కుని కనబడతాయి. ఈ మొక్కకు నిజమైన ఆకులు ఆ పొలుసులే. మనకు ఆకుల్లా కనిపించే సూదులన్నీ రూపం మారిన సన్నటి కొమ్మలు. సూర్యరశ్మితో ఆహారం తయారుచేసే పని మాత్రం వాటిదే.

2024 ఏప్రిల్ 6

మా ప్రాంతంలో నేల ఎర్రటి బంకమన్ను. తడిగా ఉన్నప్పుడు చెప్పును లాగేసుకుంటుంది, ఎండితే గునపం కావాలి. పోయిన అక్టోబరులో మట్టి నమూనా పరీక్షకు పంపితే ఆమ్లత్వం సూచిక (pH) 5.8 అని వచ్చింది. ఆస్పరాగస్‌కు 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే మేలు, ఆరు కంటే తగ్గితే వేరు బలహీనపడుతుంది కాబట్టి, నివేదికలో చెప్పిన మోతాదులో సున్నపురాయి పొడిని నవంబరులోనే చల్లి కలియదవ్వాను. సున్నం పనిచేయడానికి నెలలు పడుతుంది, అందుకే దాన్ని నాటే రోజు దాకా ఆపలేదు.

నిన్న ఉదయం 4.8 తీవ్రతతో భూకంపం వచ్చి ఇంట్లో గిన్నెలు కదిలాయి. ఈ రోజు నేను తవ్విన తవ్వకానికి నా నడుము అంతకంటే ఎక్కువ కదిలింది. తొమ్మిదేసి అడుగుల పొడవు, అడుగు వెడల్పు, ఎనిమిది అంగుళాల లోతుతో రెండు గాడులు తీశాను. రెంటి మధ్య నాలుగు అడుగుల ఎడం వదిలాను, ఎందుకంటే ఈ మొక్క వేళ్లు పక్కలకు చాలా దూరం పాకుతాయి, పైగా కోయకుండా వదిలిన పిలకలు కొమ్మలు వేసి పచ్చటి కుచ్చులా విచ్చుకున్నాక గాలి ఆడకపోతే తెగుళ్లు చేరతాయి. గాడి అడుగున రెండు అంగుళాల కంపోస్టు, దాని కింద భాస్వరం ఎరువు వేశాను. భాస్వరం మట్టిలో వేసిన చోటు నుంచి పెద్దగా కదలదు, తర్వాత పైన చల్లితే లోతున ఉన్న వేరుకు అందదు. ఆ లోతున దాన్ని వేసే అవకాశం మళ్లీ ఇరవై ఏళ్లకు గాని రాదు.

2024 ఏప్రిల్ 13

క్రౌన్లు నిన్న వచ్చాయి. మట్టి ఉష్ణోగ్రత ఆరు అంగుళాల లోతున 52 డిగ్రీలు ఉండటంతో ఈ రోజే నాటేశాను. యాభై దాటే దాకా చల్లటి తడి మట్టిలో క్రౌన్ కుళ్లే ప్రమాదం ఉంది.

ఒక్కో క్రౌన్ ఎండిన సాలీడులా, నడుమ చిన్న గుబ్బ, చుట్టూ అడుగు పొడవున పెన్సిల్ కంటే సన్నని కండగల వేళ్లతో ఉంది. గుబ్బ మీద గోరు కొనంత మొగ్గలు గుంపుగా ఉన్నాయి. గాడిలో ప్రతి పద్దెనిమిది అంగుళాలకు ఒక చిన్న మట్టి దిబ్బ చేసి, మొగ్గలు పైకి వచ్చేలా క్రౌన్‌ను దాని మీద కూర్చోబెట్టి, వేళ్లను చుట్టూ గొడుగు ఊచల్లా పరిచాను. పైన రెండు అంగుళాల మట్టి మాత్రమే కప్పాను. పిలకలు పైకి వచ్చే కొద్దీ మిగిలిన గాడిని విడతలు విడతలుగా పూడ్చాలి.

2024 మే 4

మొదటి పిలక ఏప్రిల్ 28న కనిపించింది. ఈ రోజుకు పన్నెండింటిలో తొమ్మిది లేచాయి. గడ్డి పుల్లల కంటే కాస్త లావుగా, కొన ఊదారంగులో, పొలుసులతో బిగుసుకుని ఉన్నాయి. వాటిని చూస్తే మా ఊళ్లో పాతర నుంచి తవ్వి తీసిన తేగ మొన గుర్తుకొచ్చింది. అయిదు అంగుళాలు దాటిన చోట మాత్రమే మరో రెండు అంగుళాల మట్టి వేశాను.

2024 మే 19

తప్పు జరిగింది. వారం పొడవునా కురిసిన వానలకు రెండో గాడి పడమటి చివర నీళ్లు నిలిచాయి. బంకమన్నులో తీసిన గాడి నిజానికి ఒక తొట్టె అని, కంపోస్టు వేసిన మెత్తటి మట్టిలోకి చుట్టుపక్కల నీరంతా దిగి బయటికి పోయే దారి లేక అక్కడే ఉండిపోతుందని నాకు ముందే తట్టి ఉండాల్సింది. పైగా వాన ఆగిన మర్నాడే, తడి మట్టిని పైన వేసి పూడ్చి, పాదంతో అదిమాను కూడా.

మొలవని మూడింటిని ఈ రోజు తవ్వి తీశాను. వేళ్లు నొక్కితే లోపలి కండ నీరులా జారిపోయి తొక్క మాత్రం నా చేతిలో మిగిలింది, పుల్లటి కంపు కొట్టింది. వేరులో ఎర్రటి గోధుమ చారలు కనిపిస్తే ఫ్యుజేరియం అనే బూజు అనుమానించాలి. అది మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది, ఆ చోటనే మళ్లీ ఆస్పరాగస్ వేయడం దండగ. నేను మూడింటినీ నిలువుగా చీల్చి చూశాను, చారలు లేవు. నీట మునిగి కుళ్లినవేనని నిర్ధారించుకున్నాను.

గాడి చివర నుంచి పక్కనున్న పల్లం వైపు కాలువ తవ్వి కంకర నింపాను. మిగతా గాడిలో వేయవలసిన మట్టికి మూడో వంతు బాగా చివికిన ఆకు ఎరువు కలిపి, పొడిగా ఉన్న రోజునే, చేత్తో వదులుగా చల్లుతున్నాను. మళ్లీ నాటవలసి వస్తే ఈ నేలలో గాడి తవ్వను. కట్ట పోసి ఎత్తు మడి మీద నాటుతాను.

2024 జూన్ 8

నారుకు ఇప్పుడు పదమూడు వారాలు. కుళ్లిన మూడు క్రౌన్ల చోట పాత మట్టి తీసేసి, కొత్త మట్టి నింపి మూడు నారు మొక్కలు పెట్టాను. ఇంకో అయిదింటిని కంచె పక్కన చిన్న ఎత్తు మడి మీద నాటాను. మిగిలిన తొమ్మిదీ ఆఫీసులో తెలిసినవారికి వెళ్లాయి.

కప్పు నుంచి తీస్తున్నప్పుడు ఒక మొక్కను దగ్గరగా పరిశీలించాను. ఫిబ్రవరిలో వేసిన గింజ పెంకు ఇంకా పక్కన అతుక్కుని ఉంది. దాని నుంచి వరుసగా నాలుగు కాడలు లేచాయి. మొదటిది దారమంత, రెండోది చీపురుపుల్ల కొసంత, మూడోది అంతకు కాస్త లావు, నాలుగోది అగ్గిపుల్లంత. ప్రతి కొత్త కాడా ముందుదాని కంటే లావుగా, దాని పక్కనే, ఒకే దిశలో అడుగు ముందుకు వేసినట్టు పుట్టింది. పాత కాడ పసుపుబారి ఎండినా మొక్క చచ్చిపోతోందని కంగారు పడనక్కర్లేదు, ఎందుకంటే ముందు కాడ వండిన ఆహారం వేరులో చేరి తర్వాతి కాడ లావుగా మారుతోంది. ఈ రెండేళ్లలో నేను పండించే పంట నేల కింద ఉన్న ఆ వేరే. పైన ఎదిగే పచ్చటి కుచ్చు దాని వంటిల్లు. నీళ్లు, కలుపు, పురుగు, ఏ పని చేసినా ఆ వంటిల్లు ఎన్ని రోజులు ఆరకుండా నడుస్తుందన్నదే చూసుకోవాలి.

నారు సున్నితమైనది కాబట్టి ఇక్కడ గాడిని పూర్తిగా పూడ్చలేదు. కలుపు విషయంలో కూడా ఒక పాఠం నేర్చుకున్నాను. దోకుడుపారతో పైపైన గీకుతుంటే, ఇంకా నేల దాటని ఒక పిలక కొన తెగి పార అంచుకు వచ్చింది. అప్పటి నుంచి మొక్కకు అడుగు దూరం వరకు కలుపును వేళ్లతోనే తీస్తున్నాను, తీసిన చోట మూడు అంగుళాల ఎండుగడ్డి కప్పుతున్నాను. పూర్వం ఆస్పరాగస్ మళ్లలో కలుపు చావాలని ఉప్పు చల్లేవారు. ఈ మొక్క ఉప్పును కొంత తట్టుకుంటుంది గానీ, బంకమన్ను తట్టుకోదు. ఉప్పు పడితే గట్టిపడి నీరు ఇంకదు. పక్కనే మిరప వేసే నాకు ఆ సలహా పనికిరాదు.

2024 జూన్ 22

కుచ్చు మొక్కల మీద పురుగు పడింది. రెక్కలు నీలి నలుపు, వాటి మీద మీగడ రంగు మచ్చలు, మెడ ఎరుపు, పొడవు పావు అంగుళం. చూడటానికి నగలా ఉంది. ఆస్పరాగస్‌ను మాత్రమే తిని బతికే పెంకు పురుగు ఇది. కాడల మీద ముదురు గోధుమరంగు గుడ్లు, కామాల్లాగా, ఒక కొన అంటించి నిలువుగా నిలబెట్టి వరుసగా పేర్చినట్టు ఉన్నాయి. వారంలోపే వాటి నుంచి బూడిదరంగు ఒళ్లు, నల్లటి తల ఉన్న పిల్లపురుగులు వచ్చి కుచ్చును గీకి తినేస్తాయి. పెద్ద మొక్క దాన్ని ఓర్చుకుంటుంది. అరచెయ్యి ఎత్తున్న నారు మొక్కకు అది వారంలో ఉన్న పచ్చదనమంతా పోగొట్టగలదు.

పట్టుకోవడానికి వెళితే పురుగు కాడ చుట్టూ తిరిగి అవతలి వైపు దాక్కుంటుంది, నేను కూడా తిరిగితే అదీ తిరుగుతుంది. మూడు రోజులు ఈ దొంగాటలో ఓడిపోయాక, తెల్లవారి ఆరు గంటలకు, చలికి అవి మందంగా ఉన్నప్పుడు, సబ్బు నీళ్ల గిన్నెను కింద పట్టి కాడను తట్టడం మొదలుపెట్టాను. మొదటి రోజు ముప్ఫై ఒకటి పడ్డాయి, నాలుగో రోజుకు ఆరు. గుడ్లను బొటనవేలితో కాడ పొడవునా తుడిచేయవచ్చు. పిల్లపురుగులను మెత్తటి చీపురుతో రాల్చితే చాలు, వాటిలో చాలావరకు తిరిగి మొక్క ఎక్కలేవు.

మందు కొట్టలేదు. ఈ పురుగు గుడ్లను వెతుక్కుంటూ వచ్చి వాటిలోనే తన గుడ్లు పెట్టే కంటికి ఆననంత కందిరీగ ఒకటుంది. మందు కొడితే ముందు పోయేది అదే. అలాగే, నారింజరంగు మీద పన్నెండు నల్లచుక్కలుండే మరో ఆస్పరాగస్ పురుగును చూసి, పేనుబంకను తిని మేలు చేసే లేడీబర్డ్ అని వదిలేసిన మాట కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. లేడీబర్డ్ గుండ్రంగా ఉంటుంది, ఇది పొడుగ్గా ఉంటుంది.

2024 ఆగస్టు 11

క్రౌన్ల కుచ్చులు నాలుగు అడుగులు దాటి పక్కలకు వాలిపోతున్నాయి. కాడ మొదట్లో విరిగితే ఆ కాడ వేరుకు ఇవ్వాల్సింది ఆగిపోతుంది కాబట్టి, వరుసకు రెండు వైపులా కర్రలు పాతి పురికొసతో దడిలా కట్టాను. రాయదగ్గ మార్పు ఇంకేమీ లేదు.

2024 అక్టోబరు 27

సెప్టెంబరు నుంచి వాన సరిగా లేదు. అక్టోబరు అయితే, 1895 నుంచి ఉన్న రాష్ట్ర లెక్కల్లో ఏ నెలా ఇంత పొడిగా లేదనే స్థితికి వచ్చింది. టమాటా, బీర ఎలాగూ అయిపోయాయి, వాటికి నీళ్లు ఆపేశాను. ఆస్పరాగస్‌కు మాత్రం ఆపడానికి ధైర్యం చాలలేదు. సెప్టెంబరు, అక్టోబరుల్లోనే కుచ్చు తన దగ్గరున్న ఆహారమంతా వేరుకు దించుతుంది; ఆ సమయంలో కుచ్చు నీళ్లు లేక ముందే ఎండిపోతే వచ్చే వసంతానికి మొగ్గలు చిక్కిపోతాయి.

వారానికి ఒక అంగుళం నీరు కావాలని లెక్క. చదరపు అడుగుకు అంగుళం నీరంటే సుమారు 0.62 గాలన్లు. రెండు వరుసలూ ఒక్కోటి తొమ్మిది అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు అనుకుంటే ముప్ఫై ఆరు చదరపు అడుగులు, అంటే వారానికి ఇరవై రెండు గాలన్లు. పైపుతో పైన చల్లకుండా, గడ్డి కింద పరిచిన చెమ్మ కారే గొట్టంతో వారానికి రెండుసార్లు, ఉదయం పూట ఇస్తున్నాను. కుచ్చు రాత్రంతా తడిగా ఉంటే తుప్పు తెగులుకు పిలుపు పంపినట్టే. ఇంట్లో బియ్యం, పప్పు కడిగిన నీళ్లు కంచె పక్కనున్న నారుకు పోతున్నాయి.

2024 డిసెంబరు 8

గత నెల 13న రాష్ట్రం కరవు హెచ్చరిక ప్రకటించింది. ఆ తర్వాత కొంత వాన పడింది. కుచ్చులు నవంబరు మూడో వారానికి బంగారురంగు తిరిగి, ఇప్పుడు గడ్డిలా ఎండిపోయాయి. కాడను లాగితే పచ్చిదనం తగలకపోవడంతో నేలకు రెండు అంగుళాలు వదిలి అన్నీ కోసేశాను.

ఇక్కడ రెండు మాటలున్నాయి. ఎండిన కుచ్చును వసంతం దాకా ఉంచితే మంచును పట్టి ఆపి క్రౌన్‌కు దుప్పటిలా ఉంటుందని కొందరంటారు. అది నిజమే గానీ, పెంకు పురుగులు చలికాలం దాక్కునేదీ ఆ చెత్తలోనే. జూన్‌లో ముప్ఫై ఒక్క పురుగులు లెక్కపెట్టినవాడిని కాబట్టి కోసి, సంచిలో కట్టి బయట పెట్టేశాను, కంపోస్టులో వేయలేదు. మంచు దుప్పటి బదులు నాలుగు అంగుళాల ఎండుటాకు పరిచాను.

2025 ఏప్రిల్ 20

ఆకులు పక్కకు తీసి పది రోజులైంది. మొదటి పిలక ఏప్రిల్ 15న లేచింది. తొమ్మిది క్రౌన్లూ బతికాయి. పోయినేడు గడ్డిపుల్లలంత ఉన్నవి ఈసారి పెన్సిలంత, రెండు చోట్ల చిటికెనవేలంత వచ్చాయి. గాడిలో పెట్టిన మూడు నారు మొక్కల్లో రెండు లేచాయి, కంచె పక్కన అయిదూ లేచాయి. కరవులో నేను ఎక్కువ భయపడింది నారు గురించే. పప్పు కడిగిన నీళ్లు దక్కినవి అన్నీ బతకడం చూసి మా ఆవిడ ఆ ఘనత తన ఖాతాలో వేసుకుంది.

అమ్మ భీమవరం నుంచి వచ్చింది. పోయినేటి ఫొటోల్లో కుచ్చును చూసి వెంటనే, "ఇది మన పిల్లిపీచరే కదరా?" అంది. సరిగ్గానే పట్టింది, శతావరి అని మందుల షాపుల్లో అమ్మే పిల్లిపీచర ఈ ఆస్పరాగస్‌కు దగ్గర చుట్టమే. దాని తీగకు ముళ్లుంటాయి, దాని దుంపవేళ్లు గుత్తులుగా తవ్వి మందుకు వాడతారు. దీనికి ముళ్లు లేవు, దీని పిలకలే తింటారు. "వేరు మందుకు పనికొచ్చే జాతిని పట్టుకుని, కాడలు తింటామంటారేంటి మీ వాళ్లు," అని అమ్మకు ఇప్పటికీ కాస్త అనుమానమే.

2025 మే 4

పొద్దున నేను లేచేసరికి ఎనిమిది పిలకలు వంటింట్లో పెసరపప్పు పక్కన ఉన్నాయి. "చేతికొచ్చిన కూరను ముదరబెట్టి గడ్డి చేసుకుంటారట్రా ఎవరైనా?" అని అమ్మ అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు పెద్దది, ఆవిడ వినే ఓపిక చిన్నది.

నిజానికి ఆవిడ పెద్ద తప్పేమీ చేయలేదు. రెండో వసంతంలో బలంగా ఉన్న క్రౌన్ల నుంచి రెండు వారాల పాటు కోసుకోవచ్చు. పిలకలు పెన్సిల్ కంటే సన్నగా రావడం మొదలైతే మాత్రం ఆ రోజే ఆపేయాలి. మూడో ఏడాది నుంచి నాలుగు నుంచి ఆరు వారాలు కోత. అమ్మ కోసిన ఎనిమిదిలో ఆరు లావుపాటివే. మిగతా రెండూ నారు మొక్కలవి, వాటి జోలికి ఈ ఏడాది వెళ్లకూడదు. పైగా కత్తితో మట్టి లోపలికి పోనిచ్చి కోసింది. అలా కోస్తే పక్కనే లేవబోతున్న మొగ్గలు తెగవచ్చు. నేలకు దగ్గరగా పట్టుకుని వంచితే లేత చోట దానంతటదే టప్పున విరుగుతుంది, పీచు కింద ఉండిపోతుంది. బెండకాయ కొన విరిచి లేతదో ముదురుదో చూసినట్టే అని చెప్పాక అమ్మకు అర్థమైంది. నారు మొక్కల చుట్టూ ఇటుకలు పేర్చి, అది దాటకూడదని ఒప్పందం చేసుకున్నాం.

పప్పులో వెల్లుల్లి తాలింపుతో ఆ ఆరు పిలకలు బాగున్నాయి. మే 11 తర్వాత మళ్లీ కోయను.

2025 జూన్ 15

పూలు వచ్చాయి. ఆస్పరాగస్‌లో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. పూలు బియ్యపుగింజంత పొడవున, ఆకుపచ్చ కలిసిన పసుపురంగులో, గంటల్లా వేలాడుతున్నాయి. జెర్సీ నైట్ క్రౌన్లు తొమ్మిదీ మగవే. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఈ జెర్సీ రకాల ప్రత్యేకత అదే. ఆడ మొక్కతో కలిస్తే మగ సంతానమే ఇచ్చే తండ్రి మొక్కను ఎంచుకుని, గింజలన్నీ దాదాపు మగవే అయ్యేలా చేశారు. కాయ మోయాల్సిన పని లేని మగ మొక్క ఆ బలాన్ని వేరుకు పెట్టుకుని ఎక్కువ పిలకలు ఇస్తుంది.

మేరీ వాషింగ్టన్‌కు అలాంటి ఏర్పాటు లేదు. బతికిన ఏడు నారు మొక్కల్లో అయిదు పూశాయి. భూతద్దంతో చూస్తే రెంటి పూలు పొడుగ్గా, లోపల ఆరు కేసరాలతో ఉన్నాయి. మూడింటివి పొట్టిగా, నడుమ ఆకుపచ్చటి చిన్న గుండుతో ఉన్నాయి. ఈ మూడూ ఆడవి. వాటిని పీకేయమని సలహా ఇచ్చేవారు చాలామందే ఉన్నారు, ఎందుకంటే ఎర్రటి పళ్లు రాలి మడి నిండా నారు మొలిచి అదే కలుపవుతుంది. పైగా ఆ పళ్లు మనుషులకు విషం. ఆడ మొక్క పిలకలు తక్కువగా వచ్చినా లావుగా ఉంటాయని నేను ఉంచుకోదలచాను, పళ్లు ఎరుపెక్కక ముందే కోసి పారేయాలి.

ఆగస్టులో కుచ్చు దట్టమయ్యాక ఏది ఆడదో వెతకడం కష్టమవుతుంది. అందుకని అమ్మ తన పాత జరీ చీర అంచు నుంచి ఎర్రటి పేలికలు మూడు చింపి, ఆ మూడింటి మొదళ్లకు వదులుగా కట్టింది.